ఆగు అన్నా, ఆగే అన్నా

ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో నాది ఆటసామాన్ల షాపు. షాపు మెట్లెక్కని మనిషి వల్ల నాకు నష్టం లేదు. ఎక్కి, పది రకాల బూట్లు తొడిగి చూసుకుని, పర్సు బయటికి తీసి, అంతలో ఏదో గుర్తొచ్చినట్టు "మళ్ళీ వస్తాను దాదా" అని దిగిపోయేవాడి వల్లే నష్టం. వాడికోసం దింపిన పెట్టెలన్నీ మళ్ళీ ఎక్కించాలి. వాడి మీద ధ్యాస పెట్టినంతసేపూ నిలబడి చూసిన ఇంకొకడు పక్క షాపుకి పోయి ఉంటాడు.

మా అక్క కూతురు సత్యవాణి కెప్టెన్‌గా ఉన్న కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు ఓడిపోయే తీరు అచ్చం అలాంటిది. మొదటినుంచీ వెనకబడి ఓడిన జట్టుని ఎవరూ ఏమీ అనరు. వీళ్ళు మూడు క్వార్టర్లు ముందుండేవాళ్ళు. చూసేవాళ్ళు గెలిచేశారనుకుని టీ తాగడానికి లేచేవాళ్ళు. చివరి నాలుగైదు నిమిషాల్లో ఏమయ్యేదో, బంతి ఎవరూ లేని చోటికి పోయేది, అవతలి పిల్లలు దాన్ని ఏరుకుని వెళ్ళి బుట్టలో వేసుకునేవాళ్ళు. టీ తాగి వచ్చేసరికి ఆట చేయి మారిపోయేది. కిందటేడాదంతా ఇదే. ఈ ఏడాది మొదలు కూడా ఇలాగే పెట్టారు.

ఇందులో నాకేమిటి సంబంధం అంటే, వాళ్ళు వేసుకునే చొక్కాల వీపు మీద నా షాపు పేరుంది. ఓడిపోయే వీపుల మీద పేరు రాయించుకోవడం మంచి వ్యాపారం కాదు. కానీ అది చిన్న సంగతి. పెద్ద సంగతి మా బావ ఇంట్లో ఉంది.

మా బావ నూకరాజు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తాత, తండ్రి, తను, మూడు తరాలు ఆ సైరన్‌కే నిద్ర లేచాయి. త్వరలో రిటైరవుతాడు. రిటైరైతే న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఉంటున్న రైల్వే క్వార్టరు వదలాలి. పిల్లల్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం ఉంటే దాన్ని నిలబెట్టుకునే దారి ఉంటుంది. కొడుకు సాయికుమార్ పరీక్షలు రాసి రాసి విసిగిపోయి ఎక్కడో గోడౌన్‌లో పనికి కుదిరాడు. ఇక సత్యవాణి మిగిలింది. చదువులో మధ్యరకం. బంతి చేతిలో ఉంటే మాత్రం ఆ పిల్లని ఆపే ఆడపిల్ల ఈ చుట్టుపక్కల లేదు. స్పోర్ట్స్ కోటాలో దరఖాస్తు పెట్టాలంటే కాలేజీ ఆట చాలదు, యూనివర్సిటీ జట్టులో ఆడి ఉండాలి. ఆ జట్టుని కాలేజీల టోర్నమెంటులో సెమీఫైనల్ దాకా వచ్చినవాళ్ళలోంచి ఏరుతారు. సత్యవాణిది ఆఖరి సంవత్సరం. ఈసారి తప్పితే మరోసారి లేదు.

అందుకని జట్టు చివర్లో ఎందుకు జారిపోతోందన్నది మా ఇంట్లో రోజూ నడిచే మాటైంది. మా అక్క జోగమ్మ దిష్టి అంది. బావ పిల్లలు సరిగ్గా తినడం లేదన్నాడు. కోచ్ మైతి సార్ దమ్ము చాలడం లేదని పొద్దున్నే అదనంగా పరిగెత్తించాడు. నా లెక్క వేరు. ముందున్నవాడికి ఆశ ఎక్కువ. ఉన్న లాభం జేబులో వేసుకుని కూర్చోకుండా ఇంకొంచెం ఇంకొంచెం అని పోయేవాణ్ణే దెబ్బ తియ్యడం సులువు. చివర్లో ముందున్నప్పుడు బంతి మన దగ్గర పెట్టుకుని, అందరూ దూరం దూరంగా నిలబడి, ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఇచ్చుకుంటూ కాలం గడిపితే చాలు కదా అన్నాను.

"నేను సేస్తన్నది అదే మావా," అంది సత్యవాణి. "ఆ మౌమిత ఆగదు. నిలబడమన్న సోట నిలబడకండా లగెట్టీస్తాది. నేను అక్కడుందని బంతిస్తే, అది ఉండదు."

మౌమిత ఇందా పేట వైపు బెంగాలీ పిల్ల. తండ్రికి మందుల షాపు. జట్టులో సత్యవాణి తర్వాత ఆటగత్తె ఆ పిల్లే. మైతి సార్ కూడా ఓడిన ప్రతిసారీ మౌమితనే పట్టుకునేవాడు. కెప్టెన్ మాట వినడం లేదనీ, తానొక్కతే బుట్టలు వేసి పేరు కొట్టెయ్యాలని చూస్తుందనీ అందరి ముందూ అనేవాడు. ఆ పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని ఊరుకునేది. నేను కూడా అలాగే అనుకున్నాను. ఎవరికి ఆశ ఎక్కువో తేలిపోయింది కదా, ఇక వెతకడం దేనికి?

ఒక మధ్యాహ్నం మౌమిత బూటు అడుగు ఊడిపోయిందని నా షాపుకి వచ్చింది. అంతకు ముందు రోజే రైల్వే గ్రౌండులో మళ్ళీ అలాగే ఓడారు. అప్పటికే సత్యవాణి, దాని పక్క క్వార్టరులో ఉండే కళ్యాణి నా షాపులో స్టూళ్ళ మీద కూర్చుని ఉన్నారు. కళ్యాణి కూడా జట్టులోదే, మన తెలుగువాళ్ళ పిల్లే. ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను బూటు తిరగేసి చూస్తున్నాను. మౌమిత ఉన్నట్టుండి బెంగాలీలో అందుకుంది. నీ బుద్ధి నాకు తెలుసు అంది. చివర్లో ముందుకి పొమ్మని నువ్వే అరుస్తావు, నేను పోగానే బంతిని వెనక్కి విసురుతావు, తిట్లు నేను తినాలి, కెప్టెన్‌గిరీ నీకుండాలి అంది.

సత్యవాణి బెంగాలీ మా కంటే శుభ్రంగా మాట్లాడుతుంది. ముందుకి పొమ్మని నేనెప్పుడన్నానని అడిగింది.

"ఆగే, ఆగే అని గొంతు చించుకుంటావు కదా."

"ఆగే అనలేదు. ఆగు అన్నాను. ఆగు."

"అదే నేనూ అంటున్నాను. ఆగే."

ముందు నవ్వింది కళ్యాణి. తర్వాత నాకు తట్టింది. ఆగు అంటే మనకి నిలబడమని. ఆగే అంటే వాళ్ళకి, హిందీలోనైనా బెంగాలీలోనైనా, ముందుకి పొమ్మని. గోలలో, పరుగులో, చివరి అక్షరం ఎవరికి వినపడుతుంది? సత్యవాణి అరిస్తే కళ్యాణి నిలబడిపోయేది. మౌమిత దూసుకుపోయేది. బంతి ఇద్దరికీ మధ్యన పడేది.

నేను ఆ బూటు చేత్తో పట్టుకునే ఆలోచించాను. చివర్లోనే ఎందుకంటే, చివర్లోనే కదా ఆగమని చెప్పే అవసరం. పైగా మూడు క్వార్టర్లు ఆ పిల్ల హిందీ, బెంగాలీ కలిపి నడిపిస్తుంది. ఊపిరి అందనప్పుడు నోటికొచ్చేది ఇంటి మాట. రెండేళ్ళు ఎవరికీ ఎందుకు తెలియలేదంటే, ఇది ఖరగ్‌పూర్ కాబట్టి. ఇక్కడ పాలవాడితో ఒక భాష, టికెట్ కలెక్టర్‌తో ఒక భాష, ఇంట్లో ఒక భాష. అన్నీ వచ్చినవాళ్ళకి తమకి వినపడిన మాట మీద అనుమానం రాదు. బెంగాలీ రాని తెలుగు పిల్లైతే మొదటి రోజే అడిగి ఉండేవాళ్ళు, ఏమన్నావని. సత్యవాణిని ఎవరడుగుతారు?

రెండేళ్ళుగా ఆ ఇద్దరూ ఒకరినొకరు ఆశపోతు అనుకున్నారు. ఆ రోజు మాత్రం ముగ్గురూ నా షాపులో కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మౌమిత బూటు అతికించి ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు. నా జన్మలో అలాంటివి తక్కువ.

మాట మార్చుకోవాలనుకున్నారు. హిందీలో ఆగమని చెప్పే రుకో అని పెట్టుకున్నారు. దాన్ని ఏ చెవీ ఇంకోలా వినదు. సత్యవాణి ఇంట్లో దాన్ని సాధకం చేసినట్టు చేసింది. అన్నం వడ్డిస్తుంటే వాళ్ళమ్మని "రుకో" అనేది. వీధిలో మేకపిల్లని "రుకో" అనేది. బావ పని నుంచి వచ్చి చెప్పులు విప్పబోతుంటే "రుకో" అంది. బావ భయపడి ఒంటికాలి మీద నిలబడ్డాడు. తర్వాత ఆడిన మ్యాచిలో చివర్లో ఆ మాటే నోటికొచ్చింది. మౌమిత నిలబడింది. గెలిచారు. సెమీఫైనల్‌కి చేరారు. గెలిచింది పెద్ద జట్టు మీద కాదు, అయినా లాభం లాభమే.

కథ అక్కడే ఆగితే బాగుండేది. కానీ సత్యవాణి ఈ సంగతి మైతి సార్‌కి చెబుతానంది.

నేను వద్దన్నాను. మా అక్క ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాం. చిరుగు కుట్టేశాక కూడా దాన్ని కొనేవాడికి తిప్పి చూపించే వర్తకుణ్ణి నేనెక్కడా చూడలేదన్నాను.

"సారు కొనీవోడేటి మావా? ఆయన మా సారు."

"నీ సారే. ఆయన పైన కాలేజీ వోలు ఉన్నారు. ఆల్ల పైన సెలక్టర్లు ఉన్నారు. అందరూ కొనీవోలే. నువ్వు నోరు మూసుకో, ఆట ఆడు."

"మరి మౌమిత? రెండేళ్ళనించీ సారు దాన్ని తిడతన్నారు. రేపు సెలక్టర్లు అడిగితే మాట ఇనని పిల్లని సెప్తారు. దానిది తప్పు కాదని నాకు తెలిసిపోయినాక ఎలగ ఊరుకుంతాను?"

"ఇప్పుడు తప్పు ఎవలదీ కాదు. నువ్వు సెప్తే అది నీది అవుతాది."

"నాదే గదా," అంది.

చిన్నప్పటినుంచీ ఆ పిల్ల అంతే. తూకం వేసేటప్పుడు తరాజు ముల్లు తనవైపే చూపిస్తుంది.

మర్నాడు చెప్పింది. మైతి సార్ పగలబడి నవ్వాడట. భుజం తట్టాడట. మౌమితని పిలిచి సారీ చెప్పాడట. సత్యవాణి సాయంత్రం షాపుకొచ్చి, చూసినావా మావా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. సరుకు అమ్మిన రోజు ఎవరూ వాపసు తేరు.

మైతి సార్ మంచివాడే. అది కూడా లెక్కలో వెయ్యాలి. మేదినీపూర్ పక్క పల్లెటూరి మనిషి. కాలేజీలో ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు మీద ఉన్నాడు. రెండేళ్ళుగా జట్టు ఎందుకు ఓడుతోందని పైవాళ్ళు అడిగినప్పుడల్లా ఆయన దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఇప్పుడొకటి దొరికింది. స్టాఫ్ రూములో ఒక తమాషా కబురులా చెప్పాడు. విన్నవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. రెండో నోట్లో అది, కెప్టెన్ గ్రౌండులో తెలుగులో మాట్లాడుతుందట అయింది. మూడో నోట్లో, తెలుగు పిల్లలిద్దరూ తమలో తాము తెలుగులో చెప్పుకుని మిగతావాళ్ళని మోసం చేస్తారట అయింది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళేసరికి అది నవ్వుకునే కబురు కాదు, ఫిర్యాదు. ఎవరి ఫిర్యాదో ఎవరికీ తెలియదు.

సెమీఫైనల్‌కి వారం ముందు కెప్టెన్‌గిరీ మౌమితకిచ్చారు. సత్యవాణి ఆడవచ్చు. గ్రౌండులో నోరు మాత్రం మెదపకూడదు.

నేను మైతి సార్‌ని పిలిపించలేదు. ఆయనే బంతికి గాలి కొట్టే పంపు సూదులు కావాలని వచ్చాడు. నిజానికి మాట్లాడడానికే వచ్చాడు. బంతిని నడిపించే పిల్లని మాట్లాడొద్దనడం, డ్రైవరు కళ్ళకి గంతలు కట్టడం ఒకటే కదా అన్నాను. ఒప్పుకున్నాడు. ఆ తప్పు సరిచేసుకుని ఒక మ్యాచి గెలిచారు కూడా కదా అన్నాను. దానికీ ఒప్పుకున్నాడు. తర్వాత కౌంటరు మీద వేలితో గీతలు గీస్తూ మెల్లగా అన్నాడు.

"కిరణ్‌దా, రెండేళ్ళ ఓటమికి కారణం దొరికిందని నేనే చెప్పాను. ఇప్పుడు దాన్ని తీసెయ్యకపోతే, మరి నువ్వెందుకున్నావని నన్ను అడుగుతారు. నా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?"

ఆయన చెయ్యబోయేదే నేనూ చేస్తాననుకున్నాను. సూదులు కాగితంలో చుట్టి ఇచ్చాను.

సెమీఫైనల్, ఫైనల్ వరసగా రెండు రోజులు మేదినీపూర్‌లో జరిగాయి. షాపు పనివాడికి అప్పగించి రెండు రోజులూ వెళ్ళాను. బావకి సెలవు దొరకలేదు. దొరికినా వచ్చేవాడు కాదేమో. కూతురు ఆడుతుంటే చూడలేడు.

యూనివర్సిటీ సెలక్టర్లు ఇద్దరు, ఒక మగాయన, ఒక పెద్ద వయసు ఆవిడ. పెద్ద గొడుగు కింద కుర్చీల్లో కూర్చున్నారు. సత్యవాణి ఆ రోజు ఆడిన ఆట నేను ఇదివరకు చూడలేదు. నోరు కట్టేస్తే చేతులు మాట్లాడాయి. బంతి దాని చేతికీ నేలకీ మధ్య దారం కట్టినట్టు కదిలింది. ముందు కళ్యాణికి, తర్వాత తనుశ్రీ అనే పిల్లకి అందించి బుట్టలు వేయించింది, తానూ వేసింది. మూడో క్వార్టరు అయ్యేసరికి అవతలి జట్టు కోచ్ తన పిల్లల మీద అరవడం కూడా మానేశాడు. సెలక్టరమ్మ ఏదో రాసుకోవడం చూశాను. మా అక్కకి ఫోను చేసి చెబుదామనుకుని, బేరం పూర్తికాకుండా లాభం చెప్పడమెందుకని జేబులో పెట్టేశాను.

చివరి ఐదు నిమిషాలున్నాయనగా మైతి సార్ టైమ్‌అవుట్ అడిగాడు. సత్యవాణిని బయటికి తీసి కూర్చోబెట్టాడు.

అలిసిపోయినందుకు కాదు. చెమట తప్ప ఆ పిల్లలో ఏ మార్పూ లేదు. తుండు భుజం మీద వేసుకుని బెంచీ చివర కూర్చుంది. మైతి సార్ నా వైపు చూడలేదు. ఆట మళ్ళీ మొదలైంది. సత్యవాణి కట్టిన గోడలోంచి ఒక్కొక్క ఇటుకా ఊడిపడడం మొదలైంది. మౌమిత దగ్గర బంతి రెండుసార్లు పోయింది. అవతలివాళ్ళు దగ్గరికి వచ్చేశారు. ఆఖర్లో అవతలి పిల్లకి బుట్ట కింద ఎవరూ అడ్డు లేకుండా బంతి దొరికింది. మా షాపుకొచ్చే పదేళ్ళ పిల్లాడైనా వేసేవాడు. ఆ అమ్మాయి చేతులు తడబడి బంతి అంచుకి తగిలి బయట పడింది. ఈల మోగింది. గెలిచాం.

రెండేళ్ళలో పెద్ద జట్టు మీద ఆధిక్యం నిలబెట్టుకోవడం అదే మొదటిసారి. పిల్లలు ఎగిరారు. మైతి సార్ ఏడ్చాడు. అవతలి పిల్ల చేతులు తడబడ్డాయని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. లెక్క చాలా సులువుగా ఉంది కదా. సత్యవాణి ఉన్నప్పుడు చివర్లో ఓడారు, లేనప్పుడు చివర్లో గెలిచారు. కూడిక వచ్చినవాడెవడైనా చెప్పగలడు.

సెలక్టర్లకి కనపడింది కూడా అదే. కష్టమైన ఐదు నిమిషాలకి సొంత కోచే బయట కూర్చోబెట్టిన పిల్లని వాళ్ళెందుకు తీసుకుంటారు? సాయంత్రం మైతి సార్ ఫోనుకి పేర్లొచ్చాయి. మౌమిత ఉంది. స్టాండ్‌బైలో కళ్యాణి ఉంది. సత్యవాణి లేదు. మైతి సార్ ఆ ఫోను ముందు నాకు చూపించాడు, ఆ పిల్లకి నన్ను చెప్పమని. నేను నోరు తెరవకముందే నా ముఖం చూసి అదే తెలుసుకుంది. మౌమిత దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపి, కళ్యాణిని కౌగిలించుకుని, బూట్లు సంచిలో వేసుకుంది. సెలక్టర్లు ఆ సాయంత్రమే వెళ్ళిపోయారు. మర్నాడు ఫైనల్ చూడడానికి ఉండలేదు.

ఫైనల్లో కూడా అంతే. సత్యవాణిని ఆడించి, ముందుకి తీసుకొచ్చాక చివర్లో కూర్చోబెట్టాడు. కుదిరిన మందు కదా, మళ్ళీ వేశాడు. నేను ఈసారి బెంచీ వెనకాలే నిలబడ్డాను. రెండు నిమిషాలున్నాయి. మా వాళ్ళు కొంచెం ముందున్నారు. మౌమిత చేతిలో బంతి ఉంది. చుట్టూ ఖాళీ ఉంది. నిలబడితే చాలు. ఆ పిల్ల బుట్ట వైపు వంగడం చూడగానే సత్యవాణి లేచి నిలబడింది.

"రుకో," అని అరిచింది. "రుకో, మౌమితా."

మౌమిత విన్నది. నేను చూశాను, తల ఇటు తిప్పింది. విని, వెళ్ళింది. ఎందుకెళ్ళిందో నాకు తెలుసు. కెప్టెన్‌గా, యూనివర్సిటీ జట్టు పిల్లగా, ఆ బుట్ట తానే వెయ్యాలనుకుంది. ఇద్దరు అడ్డొచ్చారు. బంతి పోయింది. అక్కడినుంచి అంతా జారుడుబల్లే. ఓడిపోయాం.

అంటే సత్యవాణి లేకపోయినా ఓడతారని తేలింది. సెలక్టర్లు వెళ్ళిపోయాక, పేర్లు రాసుకున్నాక, బజారు మూసేశాక తేలింది. నేను మొదట అన్న ఆశ కూడా నిజమే అయింది. అలాంటి నిజాన్ని నా షాపులో అయితే మూలన పడేస్తాం.

తిరుగు ప్రయాణం ఖరగ్‌పూర్ లోకల్‌లో. సాయంత్రం ఎండ పడుతోంది. బండి కాంసాయి నది వంతెన దాటింది. సత్యవాణి కిటికీ పక్కన, దాని పక్కన నేను, ఎదురుగా మైతి సార్, మౌమిత. కళ్యాణి తలుపు దగ్గర నిలబడి ఇంటికి ఫోను చేసుకుంటోంది. మైతి సార్ చివరికి అడిగాడు. బంతి నీ చేతిలో ఉంది, చుట్టూ ఎవరూ లేరు, ఎందుకు వెళ్ళావని.

మౌమిత తన గోళ్ళు చూసుకుంది. తర్వాత, బెంచీ మీంచి ఎవరో అరిచారు, నాకు గందరగోళమైంది అంది. ఎవరో అంది, పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది. అందరి కళ్ళూ కిటికీ వైపే వెళ్ళాయి.

మైతి సార్ సత్యవాణిని అడిగాడు, నువ్వు అరిచావా అని.

"అవును సార్, అరిచాను," అంది సత్యవాణి, బెంగాలీలోనే.

నేను లేచాను. ఏం అరిచిందో అడగండి అన్నాను. రుకో అంది, ఆ మాట మీ అందరికీ తెలుసు, మీరంతా కలిసి పెట్టుకున్న మాటే అన్నాను. మౌమిత తల ఎత్తలేదు. మైతి సార్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. రేపు ప్రిన్సిపాల్‌కి నేను ఏదో ఒకటి చెప్పాలి దాదా అన్నాడు. గొంతులో ఏ కపటమూ లేదు. నేను ఇంకా ఏదో అనబోతుంటే సత్యవాణి నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఒగ్గీ మావా."

"ఎందుకే ఒప్పుకున్నావు?"

"అరిసినాను గదా. అరవనేదని ఎలగ సెప్తాను?" కిటికీలోంచి బయటికే చూస్తూ అంది. "ఏటరిసినానో ఆల్లకి అక్కర్నేదు."

గిరిమైదాన్‌లో బండి ఆగింది. సత్యవాణి సంచి తీసుకుని లేచింది. అక్కణ్ణించి నడిచి ఇంటికి పోతానంది. నేనూ లేవబోతే వద్దంది. నాన్న ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద కాసుకుని ఉంటాడు, పేర్ల సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు, నాకు చెప్పడం చేతకాదు, నువ్వే చెప్పు అంది. నేను సరేనన్నాను. దిగి, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయింది.

మా బావ నిజంగానే కాసుకుని ఉన్నాడు. డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. సైకిలు స్టేషను బయట పెట్టి, ప్లాట్‌ఫారం మీద మెట్ల దగ్గర నిలబడ్డాడు. పిల్లలంతా దిగేదాకా ఒక్కొక్కరి ముఖమే చూశాడు. తన కూతురు లేదని తెలిశాక నా దగ్గరికొచ్చాడు. గిరిమైదాన్‌లో దిగి నడిచి వెళుతోందని చెప్పాను. పేర్లలో లేదని కూడా చెప్పాను. ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను, చివరికి రెండు ముక్కల్లో అయిపోయింది.

బావ తల ఊపాడు. ఆ సంగతి ముందే తెలిసినట్టుంది.

"కళ్యాణి ఆల్లమ్మకి ఫోను సేసినాదట, మీ యక్క ఇప్పుడే నాకు ఫోన్లో సెప్పినాది," అన్నాడు. "బెంచీ మీంచి మన పిల్ల అరవబట్టి ఓడిపోనారట గదా, కిరణూ?"

కాదన్నాను. బుట్ట వైపు వెళ్ళకుండా నిలబడమని సత్యవాణి చెప్పిందనీ, వినుంటే గెలిచేవాళ్ళనీ, నిన్న కూడా దాన్ని తియ్యకపోయి ఉంటే అంత దగ్గరికి వచ్చేవాళ్ళే కాదనీ, నేను కళ్ళారా చూశాననీ చెప్పాను. ఇరవై ఏళ్ళుగా ఆ బజారులో ఉన్నవీ లేనివీ చెప్పి బతికినవాణ్ణి. ఏ కొనుగోలుదారుకీ అంత ఓపిగ్గా, అంత నిజంగా ఏదీ చెప్పి ఉండను.

బావ అంతా విన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. కోపం లేదు, అలసట మాత్రమే ఉంది.

"దాని మేనమావవి," అన్నాడు. "నువ్వు అలగే సెప్తావు."